కళాశిక్షణలో హింస – తలిదండ్రుల అనుమోదనము

సంగీతము నేర్పునపుడు గాని, నాట్యము నేర్పునపుడు గాని గురువు బిడ్డను కొట్టుట, తిట్టుట, పదిమందిలో నవమానించుట న్యాయమా యను ప్రశ్న మన యిండ్లలో సూటిగా చర్చకు వచ్చుట మిక్కిలి యరుదు. బడిలో పంతులు కొట్టినచో తండ్రి మరునాడే హెడ్మాస్టరు గదికి పోవును. అదే తండ్రి, సాయంకాలము నాట్యపు క్లాసులో కూతురి చీలమండపై కర్రదెబ్బ తగిలినదని తెలిసినప్పుడు, "పెద్ద విద్య, ఆ మాత్రం తప్పదులే" అని యూరకుండును. ఒకే బిడ్డ, ఒకే శరీరము, ఒకే దెబ్బ. ఉదయమునకు నేరమైనది సాయంకాలమునకు ప్రసాద మెట్లయినది? గురువుల దోషము కంటె నెక్కువగా ఈ తండ్రి మౌనమును, ఆ తల్లి సర్దుబాటును విచారించుటయే ఈ వ్యాసమున నా యుద్దేశము.

చట్టము కూడ ఈ విషయమున సగము దారిలోనే నిలిచినది. 2009 సంవత్సరపు విద్యాహక్కు చట్టము 17వ సెక్షను బడిపిల్లలను కొట్టుటయే గాక మానసికముగా వేధించుటను గూడ నిషేధించినది. కాని ఆ చట్టములో బడి యనగా ప్రాథమిక విద్య నొసగు గుర్తింపు గల పాఠశాల. మేడమీది గదిలో జరుగు వీణ క్లాసు, కల్యాణమంటపము వెనుక జరుగు నాట్యపు క్లాసు ఆ నిర్వచనములోనికి రావు. 2015 నాటి బాలన్యాయ చట్టము 75వ సెక్షను మాత్రము, బిడ్డను తన యధీనములో నుంచుకొన్నవారు క్రూరముగా హింసించినచో మూడేండ్ల వరకు ఖైదు గాని, లక్ష రూపాయల జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చునని చెప్పుచున్నది.

ఇక మనము గమనింపవలసిన విచిత్రమైన సంగతి మరియొకటి కలదు. పాత శిక్షాస్మృతిలోని 89వ సెక్షను, 2024 జూలై 1వ తేదీన అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలో 27వ సెక్షనుగా కొనసాగుచున్నది. పండ్రెండేండ్ల లోపు బిడ్డ మేలుకొరకు, సద్బుద్ధితో, సంరక్షకుని సమ్మతిపై చేసిన పనివలన కలిగిన హాని, కొన్ని హద్దులకు లోబడి, నేరము కాదని దాని సారాంశము. ఆ సమ్మతి నోటితో చెప్పినదే కానక్కరలేదు. ప్రవర్తన వలన గ్రహింపదగినదైనను చాలును. గుమ్మము వద్ద నిలిచి చిరునవ్వు నవ్విన తండ్రి, ఆ నవ్వుతో దేనికి సంతకము పెట్టుచున్నాడో ఒక్కసారి యాలోచించుకొనవలెను.

పూర్వము మన వీధిబళ్ళలో ఈ సమ్మతికి దాపరికము లేదు. బిడ్డను బడిలో వేయునపుడు తండ్రియే "మాట వినకపోతే తోలు వలవండి, కళ్ళు మాత్రం నాకు మిగల్చండి" అని పంతులుగారితో చెప్పెడివాడు. చింతబరికె కూడ తానే తెచ్చియిచ్చిన తండ్రులు గలరు. గుంజిళ్ళు, గోడకుర్చీ, తొడపాశము, అన్నిటికి మించి దూలమునకు వ్రేలాడదీసి కొట్టు కోదండము – ఇవి యన్నియు తాతల నోట మనము నవ్వుచు విన్న కథలే. (కథ చెప్పునపుడు తాతలు నవ్వుదురు. దెబ్బ తిన్న దినమున నవ్వితినని చెప్పిన తాతను మాత్రము నేను చూడలేదు.) బడినుండి ఆ బరికె చాలవరకు పోయినది. పోయి కళల క్లాసులో దాగినది. అక్కడ దానికి మంచి పేరు కూడ దొరికినది: సాధన, క్రమశిక్షణ, సంప్రదాయము.

"మొక్కై వంగనిది మానై వంగునా" యను సామెత నిందుకు సాక్ష్యముగా తెత్తురు. సామెత నిజమే. కాని తోటమాలి మొక్క నెట్లు వంచునో చూచినవారు ఈ సామెతను కర్రకు సాక్ష్యముగా తేరు. అతడు ప్రక్కన నొక కర్ర పాతి, మెత్తని నారతో వదులుగా కట్టి, వారము వారము చూచుకొనుచు కొంచెము కొంచెము దారికి తెచ్చును. మొక్కను కొట్టి వంచిన తోటమాలి లేడు. అట్లు చేసినచో వంగునది కాదు, విరుగునది.

ఈ సందర్భమున మన శాస్త్రము వేసిన లెక్క యొకటి జ్ఞప్తికి వచ్చుచున్నది. తత్త్వార్థసూత్రము ఆరవ యధ్యాయమున ఉమాస్వామి కర్మాస్రవమును వివరించుచు సంరంభము, సమారంభము, ఆరంభము అని మూడు మెట్లు చెప్పెను; అనగా సంకల్పించుట, సాధనములు కూర్చుకొనుట, పనికి దిగుట. ఇవి మనస్సుచే గాని, వాక్కుచే గాని, కాయముచే గాని జరుగును. తాను చేయుట, ఇతరులచే చేయించుట, చేసినవారిని అనుమోదించుట అని మరల మూడు తెఱగులు. వీనికి ప్రేరకములు క్రోధము, మానము, మాయ, లోభము అను నాలుగు కషాయములు. మూడును మూడును మూడును నాలుగును గుణించినచో 108 భేదములగును. జపమాలలో పూసలు 108 యుండుట కిదియే కారణమని పెద్దలు చెప్పుదురు.

ఈ లెక్కను నాట్యపు క్లాసు గుమ్మమున నిలిచి వేసికొందము. కర్ర యెత్తినవాడు చేసినవాడు. "మా అమ్మాయికి రెండు తగిలించైనా సరే, దసరాకు వర్ణం వచ్చేటట్టు చెయ్యండి" అన్న తల్లి చేయించినది. ఏమియు ననక తల యూపిన తండ్రి అనుమోదించినాడు. ముగ్గురి పేర్లును ఆ మాలలో నున్నవి. లోకమున మనము సాధారణముగా మొదటి పూసనే వ్రేలుపెట్టి చూపుదుము. తక్కిన పూసలు మన వ్రేళ్ళ క్రిందనే తిరుగుచుండును.

అట్లయిన ముగ్గురి దోషము సమానమా యని యడుగవచ్చును. శాస్త్రము అట్లనలేదు. తీవ్రభావము, మందభావము, తెలిసి చేయుట, తెలియక చేయుట – వీనిని బట్టి ఆస్రవమున భేదము గలదని ఆ యధ్యాయముననే యున్నది. క్లాసులో నేమి జరుగుచున్నదో నిజముగా తెలియని తండ్రి వేరు, తెలిసి సర్దుకొన్న తండ్రి వేరు. కాని మూడవవాడొకడు గలడు. అతనికి తెలియదు, ఎందుకనగా తెలిసికొనుట కిష్టపడలేదు. బిడ్డ దారి పొడవునను మాటాడక వచ్చినప్పుడు స్కూటరు మీద ముందు కూర్చున్న ఆ తండ్రి, "ఏం, ఈవేళ అలసిపోయావా?" అని తానే ప్రశ్నయు తానే జవాబును చెప్పుకొని యింటికి తెచ్చును. ఇది యజ్ఞానము కాదు, ప్రమాదము. మన శాస్త్రములో హింసకు మూలముగా చెప్పిన ప్రమాదమనగా నిట్టి యేమరుపాటే.

అహింసాణువ్రతమున కైదు అతిచారములను ఏడవ యధ్యాయమున చెప్పినారు: బంధము, వధ, ఛేదము, అతిభారారోపణము, అన్నపాననిరోధము. ఇక్కడ వధ యనగా చంపుట కాదు; కర్రతో, కొరడాతో, బెత్తముతో కొట్టుట యని వ్యాఖ్యానము. ఈ యైదును ఎవరిని గూర్చి చెప్పినవో చూడుడు. అడవిలో మృగమును గూర్చి కాదు, శత్రువును గూర్చి కాదు. మన కొట్టములోని యెద్దు, మన యింట పనిచేయువాడు, మన చేతి క్రింద నున్న ప్రాణి – వీరిని గూర్చియే. హింస దూరపువారికంటె చేతి క్రిందివారికే యెక్కువ జరుగునని ఆ మహనీయులు గ్రహించిరి. గురువు చేతి క్రింద నున్న ఏడేండ్ల బిడ్డ కంటె చేతి క్రింది ప్రాణి మరేది?

కొట్టుటను అందరును గుర్తింతురు. అతిభారమును గుర్తించువారు తక్కువ. అరమండిలో కూర్చున్న బిడ్డ మోకాళ్ళు ప్రక్కలకు విచ్చుకొనుటకు తుంటికీలు సహకరింపవలెను. అది యందరికి నొక్కరీతిగా నుండదు. విచ్చుకొనని బిడ్డ తొడలపై మోపి బలవంతముగా నొక్కినచో, ఆ బలమంతయు మోకాలు కీలు మీద పడును. ఎదుగు వయస్సున ఎముకల చివరలు ఇంకను మెత్తనివి. ఆ దినమున బిడ్డ యేడ్చి యూరకుండును. ఇరువది యేండ్లు వచ్చునప్పటికి మెట్లు దిగునపుడు ఆ పాఠము గుర్తుకు వచ్చును. గాత్రములో నిట్టిదే వేరొకటి. పండ్రెండు మొదలు పదునైదేండ్ల నడుమ మగపిల్లవాని గొంతు మారును. ఆ కాలమున పాత శ్రుతికే పాడుమని పట్టుపట్టి, పలుకని తారాస్థాయి షడ్జమునకై పదిసారులు కేకవేయించి, తోడి బాలికల యెదుట నవ్వులపాలు చేసినచో ఆ బాలుడు పాట మానును. మానినవాడు గొంతు లేనివాడని మనమందుము.

అన్నపాననిరోధము ఈ కాలమున నెక్కడ నున్నదందురా? జతి తప్పు లేకుండ వచ్చువరకు మంచినీళ్ళు త్రాగరాదను నియమము కొన్ని క్లాసులలో నేటికిని గలదు. రజస్వల వయస్సున నున్న ఆడపిల్లతో "నడుము చూసుకున్నావా, రాత్రి అన్నం మానెయ్" అను మాట యింకను గలదు. ఇది మన దేశపు జాడ్యమే కాదు. ఆస్ట్రియా దేశములో వియన్నా ప్రభుత్వ నాటకశాలకు చెందిన బాలే నృత్య విద్యాలయమున పిల్లలను కొట్టుట, జుట్టు పట్టి లాగుట, శరీరమును గూర్చి హేళన చేయుట జరుగుచున్నవని 2019 ఏప్రిలులో పత్రికలకెక్కెను. ఆ సంవత్సరము డిసెంబరులో విచారణ సంఘము తన నివేదిక నిచ్చెను. సన్నగా నుండుటకు పొగత్రాగుమని పిల్లలకు సలహా యిచ్చినారను సంగతి యందు బయటపడెను. ప్రపంచములోని గొప్ప నృత్యశాలలలో నదియొకటి. తమ బిడ్డకు అక్కడ చోటు దొరికినదని పొంగిపోయిన తలిదండ్రులు ఆ పొంగులోనే కన్నులు మూసికొనియుందురు.

కఠినమైన శిక్షణము వేరు, హింస వేరు అని కొంద రందురు. ఒప్పుకొందును. సరళివరుసలు మూడు కాలములలో తప్పు లేకుండ వచ్చువరకు జంటలకు పోనీయని గురువు కఠినుడే; హింసకుడు కాడు. నూరుసారులు పాడించుట హింస కాదు. "ఇది బాగులేదు" అని నిజము చెప్పుట హింస కాదు. బాగులేనిదానిని బాగున్నదనుటయే యొక్కొక్కప్పుడు ద్రోహము. భేద మెక్కడ? చేయి ఎత్తునప్పుడు గాని నోరు తెరచునప్పుడు గాని గురువు మనస్సు తప్పు మీద నున్నదా, బిడ్డ మీద నున్నదా యనుట యొక గుర్తు. గాంధారము తగ్గినదనుట తప్పును గూర్చిన మాట. "నీ మొహానికి సంగీతం ఒకటా" అనుట బిడ్డను గూర్చిన మాట. మొదటిది వినిన బిడ్డ మరల పాడును. రెండవది వినిన బిడ్డ, పాడుట యెట్లని గాక, మరల తిట్టు తినకుండుట యెట్లని యాలోచించును. భయపడిన బిడ్డ చెవి తంబురా మీద నుండదు, గురువు చేతి మీద నుండును.

తపస్సు బాధ లేకుండ నుండునా, కళయు తపస్సే గదా యను మాట మన సంఘములో తఱచుగా వినబడును. ఉపవాసములు, వ్రతములు తెలిసినవారము కనుక ఈ మాట మనకు సహజముగా తోచును. కాని వ్రతమునకు మొదటి లక్షణము స్వయముగా స్వీకరించుట. తాను పూనినది తపస్సు. ఒకరు మరియొకరిపై మోపినది తపస్సు కాదు. అర్థము తెలిసి, మనస్ఫూర్తిగా, తన శక్తి కొలది పూనినదే వ్రతము. ఏడేండ్ల బాలిక యే యర్థము తెలిసి ఏ వ్రతము పూనినది?

వాదమున కెల్ల పెద్ద యాధారముగా చూపునది మైహరు ఘరానా. అల్లాఉద్దీన్ ఖాన్ తన కుమారుడు అలీ అక్బర్‌ను కొట్టుటయే గాక చెట్టుకు కట్టివేసెననియు, సాధన రోజుకు పదునెనిమిది గంటల వరకు సాగెననియు ప్రసిద్ధి. బంధము, వధ, అతిభారము – మూడతిచారములు ఒక్కచోట. అలీ అక్బర్ ఖాన్ ఇరువదవ శతాబ్దపు మహా సరోద్ విద్వాంసుడైనాడు. ఇంక నేమి కావలెను, దెబ్బయే విద్య యని తేల్చివేయుదురు.

కాని ఆ యింటనే మరి యిద్దరు నేర్చిరి. కూతురు అన్నపూర్ణాదేవి, అన్న తప్పు వాయించుచుండగా ఆటలో నుండియే దిద్దినదని, అది వినియే తండ్రి యామెకు విద్య మొదలుపెట్టెనని ప్రతీతి. రెండవవాడు 1938లో మైహరు చేరిన రవిశంకర్. 1935లో బొంబాయి రేవున ఓడ బయలుదేరునపుడు రవిశంకర్ తల్లి, ఇతనిని నీ బిడ్డగా చూచుకొమ్మని ఆ గురువునకు చేయి కలిపి యప్పగించినది. అటుపిమ్మట గురువు ఆ బాలుని కొట్టలేదు. ఒక్కసారి మణికట్టులో బలము లేదని, పోయి గాజులు కొనుక్కొమ్మని హేళన చేయగా శిష్యుడు పెట్టె సర్దుకొని బయలుదేరెను. గురువే తగ్గి, తల్లి యప్పగించిన ఆ మాటను తలచుకొనెను. ఈ సంగతులు రవిశంకర్ 1968లో వెలువరించిన తన గ్రంథమున చెప్పుకొన్నవే. ఒకే గురువు, ఒకే విద్య, ఒకే యిల్లు. ముగ్గురును మహావిద్వాంసులే. దెబ్బ తిన్నవానికి విద్య వచ్చినది నిజమే; దెబ్బ తిననివారికిని వచ్చినది. నాకు ముఖ్యముగా తోచు విషయము మరియొకటి: తన కుమారునిపై చేయి చేసికొన్న ఆ గురువును, పరుల బిడ్డ విషయమున, ఒక తల్లి రేవున పలికిన ఒక్క మాట ఆపినది.

దెబ్బలు తిని విద్వాంసులైనవారిని మనము లెక్కించుచున్నాము. వారు వేదికపై కనబడుదురు గనుక. దెబ్బలు తిని గజ్జెలు విప్పినవారు, వాయులీనమును పెట్టెలో పెట్టి మరల తెరవనివారు ఏ వేదికపైనను కనబడరు. వారిని లెక్కలో చేర్చక చేసిన తీర్మానము తీర్మానము కాదు.

మా యూరిలో నెరిగిన కుటుంబ మొకటి. తొమ్మిదేండ్ల పిల్ల నాట్యమునకు పోవుచుండెను. తాళము వేయు కర్ర తాళపు చెక్క మీద నుండక పిల్ల పిక్కల మీద పడుచుండెను. తల్లి స్నానము చేయించునపుడు కమిలిన మచ్చలు చూచి భర్తతో చెప్పినది. అప్పటికి అరంగేట్రమునకు హాలు బయానా యిచ్చినారు, మృదంగమునకు వాయులీనమునకు మద్రాసు నుండి మనుష్యులను కుదిర్చినారు, పట్టుపావడలు కుట్టించినారు. "ఇంక మూడు నెలలే కదా, అయిపోనీ" అన్నాడు తండ్రి. అయినది. చాల బాగుగా జరిగినది. నేనును పోయి చూచితిని. తిల్లానా ముగిసి చప్పట్లు మ్రోగుచుండగా ఆ పిల్ల సభను చూడలేదు, తెర ప్రక్క నిలిచిన గురువు ముఖము వైపు చూచినది. మరునాడు గజ్జెలు విప్పి తల్లి చేతికిచ్చి, "ఇంక అయిపోయింది కదమ్మా" అన్నదట. ఈనాటికి ఆమె వయస్సు ముప్పది దాటినది. ఆ గజ్జెలు ఆ బీరువాలోనే యున్నవి.

ఆ తండ్రి చెడ్డవాడు కాడు. తలిదండ్రులు మౌనము వహించుటకు కారణములు తేలికైనవి కావు. ఖర్చుపెట్టిన డబ్బు ఒకటి. ఎదురు చెప్పినచో ఆ కోపము రేపు బిడ్డ మీద తీరునను భయ మొకటి. ఈ భయము న్యాయమైనదే, కాని బిడ్డను ఆ కోపమునకే మరల నప్పగించుట దానికి మందు కాదు. గురువు పాదములంటి నమస్కరించు సంప్రదాయమున పెరిగినవారికి, ఆ పాదముల యజమానిని ప్రశ్నించుట తన నాలుకను తానే కోసికొనుట వలె నుండును. కషాయముల లెక్కలో చూచినచో మానమును, లోభమును స్పష్టముగా కనబడుచున్నవి: మన పిల్ల వేదిక యెక్కవలెను, మన చుట్టములు ముందు వరుసలో కూర్చుండవలెను.

మనవంటి వారికి వేరొక కారణము గూడ గలదు. బరంపురమున, హోసూరున, బళ్ళారిలో, షోలాపురమున తరతరములుగా నిలిచిన తెలుగువారి పిల్లలు బడిలో ఒడియాయో, తమిళమో, కన్నడమో, మరాఠీయో చదువుచున్నారు. వారికి తెలుగు మాట నోట నిలుచు తావులలో సంగీతపు క్లాసు ఒకటి. గీతములు, కృతులు, పదములు తెలుగువి. (మన పిల్ల త్యాగరాజు కృతిని తమిళ లిపిలో వ్రాసికొని నేర్చుకొనుట చూచి నవ్వవలెనో యేడ్వవలెనో తెలియదు.) ఊరికి ఒక్కరే మంచి గురువు. ఆ క్లాసు మానిపించినచో సంగీతముతో పాటు తెలుగును పోవునేమోయని తల్లికి బెంగ. ఈ బెంగను నేను చులకన చేయను. కాని ఒక్క మాట: బిడ్డకు మాతృభాషలో మొదట గట్టిగా నాటుకొన్న మాటలు తిట్లే యైనచో, ఆ భాష మీద దానికి ప్రేమ యెక్కడినుండి వచ్చును?

ఈ విషయములో నన్ను మిక్కిలి తికమక పెట్టు సందర్భ మొకటి కలదు. బిడ్డయే గురువును విడువననును. నిన్న తిట్లు తిని యేడ్చిన బిడ్డ నేడు "మా టీచరుకు నేనంటే చాలా ఇష్టం నాన్నా, అందుకే నన్నే తిడతారు" అని వాదించును. అప్పుడు తండ్రి యేమి చేయవలెను? బిడ్డ మాటను త్రోసివేసి క్లాసు మానిపించుట కూడ నొక బలవంతమే గదా. ఈ ప్రశ్నకు తేలికైన జవాబు లేదు. అయినను ఆ మాట నెక్కడ నేర్చుకొన్నదో విచారింపవలెను. గురువు కోప్పడినప్పుడు బిడ్డ మొదట చూచునది గురువును కాదు, గుమ్మమున నిలిచిన అమ్మ ముఖమును. ఆ ముఖమున నవ్వు కనబడినచో, ఇది ప్రేమ యని బిడ్డ నేర్చుకొనును. నేర్పినది మనమే యైనప్పుడు, బిడ్డ దానిని మనకే యప్పగించి నీవే ప్రమాణమనుటకు వీలు లేదు. కళ మీద బిడ్డకు గల ప్రేమ నిజము. ఆ ప్రేమను కాపాడుటకు వేరొక గురువును వెదకవచ్చును. కొంతకాలము గురువు లేకుండ పాడుకొననీయవచ్చును. దెబ్బను ప్రేమ యని నమ్మిన బిడ్డ ఆ నమ్మకమును ముందుముందు అత్తవారింటికి గూడ తీసికొనిపోవును. అదియే నా భయము.

గొప్ప పేరు గల విద్యాలయములైనచో ఈ చిక్కులుండవనుకొనుట పొరపాటు. 1936లో రుక్మిణీదేవి స్థాపించిన కళాక్షేత్రమున, 2023 మార్చిలో విద్యార్థినులు లైంగిక వేధింపులను గూర్చి ధర్నాకు కూర్చుండిరి. ఏప్రిలులో నొక అధ్యాపకుడు అరెస్టయ్యెను. మొదట గొంతెత్తినవారు చదువుకొను పిల్లలే. ఇంగ్లండులో మాంచెస్టరు నగరపు ప్రసిద్ధ సంగీత పాఠశాల యొక్క మాజీ సంగీత దర్శకుడు, ముప్పది యేండ్ల క్రిందట తన శిష్యురాలిపై చేసిన లైంగికాపచారములకు 2013లో దోషిగా తేలెను. ఆ శిష్యురాలు సాక్ష్యము చెప్పి, తీర్పు వినకయే ప్రాణము తీసికొన్నది. అక్కడి విచారణ సంఘము 2022లో వెలువరించిన నివేదిక, సంగీత శిక్షణలో గురుశిష్యు లిద్దరే యొంటరిగా నుండుటను, పేరుగల గురువులకు గల పలుకుబడిని ప్రత్యేకముగా చర్చించినది. తిట్టును సహించుట నేర్పిన చోటనే అంతకు మించినదానిని సహించుటయు అలవడునని నా యభిప్రాయము. మన దేశమున 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము, బిడ్డపై లైంగికాపచారము జరిగినదని తెలిసిన పెద్దవారు పోలీసులకు తెలుపక యుండుట కూడ నేరమే. మౌనము అనుమోదనమేనని ఆ చట్టము శిక్షతో చెప్పినది. బిడ్డల సహాయమునకు 1098 అను ఫోను నంబరు గలదు.

సినిమాలలో, టీవీలలో నటించు బిడ్డను రోజుకు ఐదు గంటలకు మించి, విశ్రాంతి లేకుండ మూడు గంటలకు మించి పని చేయింపరాదని 2017 నాటి బాలకార్మిక నియమములు చెప్పుచున్నవి. అరంగేట్రమునకు ముందు నెలలో మన బిడ్డ యెన్ని గంటలు గజ్జె కట్టుచున్నదో లెక్క చూచినవా రెందరు?

చేయదగిన పనులు పెద్దవి కావు. క్లాసు జరుగుచుండగా తలిదండ్రులు కూర్చుండుటకు గురువు ఒప్పుకొనునా యని చేర్చునప్పుడే యడుగవలెను. జపానులో షినిచి సుజుకీ (1898–1998) పసిపిల్లలకు వాయులీనము నేర్పు పద్ధతిలో తల్లియో తండ్రియో పాఠమున ప్రక్కన కూర్చుండి తామును నేర్చుకొనుట యొక నియమము. ఆ పద్ధతి లోకమంతట వ్యాపించినది. తలుపు తెరచియుంచినంత మాత్రమున విద్య చెడలేదు. గురువుతో మాటాడవలసి వచ్చినచో ఇతర శిష్యుల యెదుట గాక వేరుగా, మర్యాదగా, "మాష్టారూ, పిల్ల మీద చేయి వేయవద్దండి, తప్పు చెప్పండి చాలు" అనిన చాలును. ఆ మాటతో మారిన గురువులను నేనెరుగుదును. వారిలో అనేకులు తాము తిన్న దెబ్బలనే యందించుచున్నవారు, అడిగినవారు లేక కొనసాగించినవారు. మారనిచో హాలు బయానా పోయినను, పత్రికలు పంచియున్నను, బిడ్డను తీసికొని రావలెను.

తీసికొని వచ్చి యూరకుండుట చాలునా? ఇది మర్యాదస్థులు చేయు పని. "ట్యూషన్లు ఎక్కువయ్యాయండి" అని యొక సాకు చెప్పి నమస్కారము పెట్టి వచ్చెదరు. తమ బిడ్డ ఖాళీ చేసిన చోట మరునాడు ఎదురింటి బిడ్డ కూర్చుండును. ఆ యెదురింటివారు వచ్చి "ఆ టీచరు ఎలా చెబుతారండి?" అని యడిగినప్పుడు "విద్వత్తుకు లోటు లేదు" అని జవాబిచ్చుట అబద్ధము కాకపోవచ్చును, మాయ యను కషాయము మాత్రము దానిలో గలదు. తెలిసినది తెలిసినంత, చూచినది చూచినంత, అతిశయోక్తి లేకుండ చెప్పవలెను.

క్షమింపవద్దా యని కొందరడుగుదురు. పర్యుషణాంతమున సకల జీవులను క్షమాపణ వేడువారము మనము. కాని దెబ్బ తిన్నది బిడ్డ. క్షమింపవలసినది బిడ్డ, తనకు ఇష్టమైనప్పుడు. దాని తరఫున మనము క్షమించి, అదే గదికి మరల పంపుట క్షమ కాదు. ఆ దినమున చేతులు జోడించుట పెద్దలకు పిల్లలేనా? పెద్దలు పిల్లలకు జోడించిన యిండ్లు నేను ఒకటి రెండు చూచితిని.

మన సంఘములు చాల ఊళ్ళలో తమ హాళ్ళను శని, ఆదివారములలో సంగీత నాట్యముల క్లాసులకు తక్కువ యద్దెకు ఇచ్చుచున్నవి. ఇచ్చునప్పుడు రెండు షరతులు వ్రాసికొనవచ్చును: పిల్లపై చేయి చేసికొనరాదు, తలుపు మూయరాదు. హాలు వెనుక గోడకు రెండు పొడుగు బల్లలు వేయించి, ప్రక్కన మంచినీళ్ళ కుండ, గ్లాసు పెట్టించుటకు కార్యవర్గమునకు పెద్ద ఖర్చు కాదు. ఆ బల్లలపై ఎవరో యొకరు, వంతులు వేసికొనియైనను, క్లాసు ముగియువరకు కూర్చుండవలెను.